కౌంటర్ వద్ద కాస్త ఓర్పు

సెలవులొస్తే వర్ధన్నపేట నుంచి శంషాబాద్ దారి పట్టే కార్లు పెరుగుతాయి. ఖమ్మం రోడ్డు మీదే, మామునూరులో, నిజాం కాలపు విమానాశ్రయం ఉన్నా 1981 తర్వాత అది మూతపడింది. అందుకే మనవాళ్లు అర్ధరాత్రి బయల్దేరి, నిద్రలేని కళ్లతో కౌంటర్ ముందు నిలబడతారు. ఆ అలసట మీద ‘ఫ్లైట్ క్యాన్సిల్’ అన్న మాట పడితే ఒళ్లు మండడం సహజమే.

2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో వేల విమానాలు రద్దు చేసినప్పుడు శంషాబాద్‌లో శబరిమల వెళ్లాల్సిన అయ్యప్ప స్వాములు సైతం నిరసనకు దిగారు. వారి ఆవేదన న్యాయమైనదే. పైలట్లకు వారానికి 48 గంటల విశ్రాంతి తప్పనిసరి చేసిన నిబంధనకు సంస్థ సకాలంలో సిద్ధపడలేదు. ఆ విశ్రాంతి మన ప్రాణాల కోసమే. సిద్ధపడని తప్పు యాజమాన్యానిది, కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయిది కాదు. ఆమెను తిడితే విమానం కదలదు.

మర్యాదగా ఉండడమంటే హక్కు వదులుకోవడం కాదు. రద్దయితే డబ్బు వాపసో, మరో విమానమో అడగండి. గంటల తరబడి ఆలస్యమైతే ఫలహారం అడగండి. గట్టిగానే అడగండి, కానీ తిట్టకండి. విమానంలో నోటి దురుసుకే 3 నెలల దాకా ప్రయాణ నిషేధం ఉంది.

ఈ సెలవుల్లో క్యూలో చంటిబిడ్డ తల్లి, తొలిసారి విమానమెక్కుతున్న పెద్దాయన కనిపిస్తే, దయచేసి ముందుకు పంపండి.