ఆ మూడో నిమిషం ఎవరిది?

బాక్సింగ్‌లో ప్రపంచ టైటిల్ పోటీ ఒకటి ప్రకటించారంటే చాలు, అభిమానులకు నెలల తరబడి అదే మాట. ఎవరి ఎడమచేతి దెబ్బ వాడి, ఎవరి కాళ్ళలో చురుకు, ఎవరు బరువు తగ్గలేక నీరసపడతారు... తక్కువ బరువు తరగతుల అభిమానులైతే మరీను. నేనూ ఆ గుంపులోదాన్నే. సాహిత్యం పాఠాలు చెప్పుకునే నీకు ఈ గుద్దులాట పిచ్చేమిటని స్నేహితురాళ్ళు అడుగుతుంటారు. ఆ సంగతి మరోసారి.

ఈ అభిమానులకొక పాత బాధ ఉంది. డబ్బూ పేరూ భారీకాయులకే పోతాయని, చిన్నవాళ్ళ నైపుణ్యం ఎవరికీ పట్టదని. నిజమే. 49 కిలోల తరగతి బాక్సర్‌కి ఒక్క పోటీకి పది లక్షల డాలర్లు ముట్టాలంటే 1994 దాకా, మైకేల్ కార్బహాల్ దాకా ఆగాల్సి వచ్చింది. 2015లో నికరాగ్వా దేశపు రోమన్ గొంజాలెజ్‌ను, 51 కిలోల మనిషిని, ‘ది రింగ్’ పత్రిక అన్ని బరువుల వాళ్ళకన్నా మొదటి స్థానంలో పెట్టినప్పుడు వీళ్ళ సంబరం ఇంతా అంతా కాదు. ఒళ్ళు చిన్నదైతే విద్య చిన్నదవుతుందా అని అడిగారు. మంచి ప్రశ్న.

మరి అదే బరువున్న స్త్రీల టైటిల్ పోటీ వచ్చేసరికి ఆ ప్రశ్న ఏమైపోతుంది? “రెండు నిమిషాల రౌండ్లు, పది రౌండ్లు... అదీ ఒక బాక్సింగేనా? నాకౌట్లేవీ?” అంటారు. మగవాళ్ళ టైటిల్ పోటీ పన్నెండు రౌండ్లు, రౌండుకి మూడు నిమిషాలు. మొత్తం 36 నిమిషాలు. స్త్రీలకిచ్చేది 20. ఇచ్చేది తగ్గించి, తగ్గిందని వెక్కిరించడం మన వంటిళ్ళకీ విశ్వవిద్యాలయాలకీ కొత్తేం కాదు కదా!

2022 ఏప్రిల్ 30న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఐర్లండ్ కేటీ టేలర్‌తో ప్యూర్టోరికో అమాండా సెరానో తలపడిన లైట్‌వెయిట్ పోటీనే తీసుకోండి. హాలు నిండిపోయింది. అయిదో రౌండ్లో సెరానో దెబ్బలకు టేలర్ ముక్కు వెంట రక్తం కారింది, నిలదొక్కుకోవడమే కష్టమైంది. గంట మోగింది. చివరికి న్యాయనిర్ణేతల్లో ఇద్దరు టేలర్ వైపు, ఒకరు సెరానో వైపు. ఆ గంట మూడో నిమిషం చివర మోగి ఉంటే? నాకౌట్లు లేవని గొణిగేవాళ్ళు ఈ మాట మాత్రం అడగరు.

2023లో సెరానో అడిగింది. మగవాళ్ళలాగే పన్నెండు మూళ్ళు ఆడే హక్కు మాకుండాలని ఇరవై మందికి పైగా స్త్రీ బాక్సర్లు ఆమెతో గొంతు కలిపారు. అక్టోబరులో బ్రెజిల్ బాక్సర్ దనీలా రామోస్‌తో అలాగే ఆడి గెలిచింది. మూడు సంస్థలు ఒప్పుకున్నాయి. వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ ఒప్పుకోలేదు. డిసెంబరులో ఆమె ఆ సంస్థ బెల్ట్ వదిలేసుకుంది.

కౌన్సిల్ చెప్పే కారణం రక్షణ. స్త్రీలకు తల దెబ్బల ప్రమాదం ఎక్కువని. నేను ఆ భయాన్ని కొట్టిపారేయను, మెదడుకు తగిలే దెబ్బ ఆటబొమ్మ కాదు. కానీ 1982లో లాస్‌వేగాస్‌లో లైట్‌వెయిట్ పోటీలో దెబ్బతిని కొద్దిరోజులకే చనిపోయిన దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ దుక్ కూ మగవాడు. (కొడుకు పోయిన కొన్ని నెలలకు అతని తల్లి ఆత్మహత్య చేసుకుంది. ఆమె ఊసు అభిమానుల చర్చల్లో ఎప్పుడోగాని రాదు.) ఆ చావు తర్వాత ఇదే కౌన్సిల్ పదిహేను రౌండ్లను పన్నెండు చేసింది. 2025 ఆగస్టు 2న టోక్యోలో ఒకే రోజు పోటీల్లో దెబ్బతిని చనిపోయిన ఇద్దరూ తక్కువ బరువు తరగతుల మగవాళ్ళే. దాని తర్వాత ఆసియా ప్రాంతీయ సంస్థ ఒకటి తన టైటిల్ పోటీలను పది రౌండ్లకు కుదించింది. అప్పుడు దాన్ని జాగ్రత్త అన్నారు. మగవాళ్ళది బాక్సింగే కాదని ఎవరైనా అన్నారా?

అసలు మూడు నిమిషాలు ఆడది తట్టుకోలేదా? మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది మూడు నిమిషాల రౌండ్లు ఆడే. ఒలింపిక్ పద్ధతి బాక్సింగ్‌లో స్త్రీలకీ పురుషులకీ అవే మూడు రౌండ్లు, అవే మూడు నిమిషాలు. అక్కడ కూడిన శరీరం డబ్బు చేతులు మారే రింగులో ఎందుకు కూడదో ఎవరైనా వివరిస్తే వినాలని ఉంది.

టేలర్ సంగతేమిటంటారు. తర్వాతి పోటీలకు కూడా ఆమె రెండు నిమిషాలకే మొగ్గింది. 2024 నవంబరులో, 2025 జూలైలో అవే రెండేసి నిమిషాలు ఆడి, స్వల్ప తేడాతో రెండుసార్లూ గెలిచింది. ఆడనివ్వండి. సెరానో అడిగిందీ టేలర్ మీద రుద్దమని కాదు, తనకు కుదరనివ్వమని. ఈసారి చిన్న బరువుల టైటిల్ పోటీ ప్రకటించగానే ఎవరు గెలుస్తారని పందేలు కాసే మిత్రులు, ముందు రౌండు ఎన్ని నిమిషాలో, ఆ లెక్క ఎవరు కట్టారో అడిగి చూడండి. చిన్న ఒళ్ళని చిన్నచూపు చూస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా.