గొట్టం తీశాక మళ్ళీ ఆక్సిజన్ ఎందుకు?

గుండె ఆపరేషన్ అయిన మనిషికి నోట్లో గొట్టం తీసేశారని కబురు రాగానే గండం గడిచిందనుకుంటాం కదండీ! తీరా ఐ.సి.యు. లోపలికెళితే ముఖానికి మాస్కు. మావారికి బైపాస్ అయినప్పుడు అది చూసి, మళ్ళీ ఏం ముంచుకొచ్చిందోనని ఏడ్చేశాను. ఏమీ రాలేదు.

మత్తులో ఉన్నంతసేపూ ఊపిరి యంత్రమే ఆడిస్తుంది. తెలివొచ్చి, తనంతట తాను ఊపిరి తీసుకుంటున్నారని చూసి, చాలామందికి కొద్ది గంటల్లోనే గొట్టం తీస్తారు. కానీ అప్పటికి ఊపిరితిత్తుల అడుగుభాగం కొంత ముడుచుకుని ఉంటుంది. పైగా రొమ్ము ఎముక కోసి తీగలతో కట్టారాయె! ఆ నొప్పికి గట్టిగా ఊపిరి తీయరు, దగ్గరు. కఫం లోపలే ఉండిపోతుంది. అందుకే ఈ ఆసరా. కొందరికి ముక్కు దగ్గర సన్న గొట్టంతో నిమిషానికి 2 నుంచి 4 లీటర్లు సరిపోతుంది. చాలకపోతే మాస్కు. ఇంకా ఇబ్బందయితే వెచ్చటి, తేమగాలిని జోరుగా ముక్కులోకి పంపే యంత్రం పెడతారు. 2015లో ఫ్రాన్సులో 830 మందిలో పోల్చి చూస్తే, అది బిగుతు మాస్కు యంత్రానికి తీసిపోలేదని తేలిందట.

ఇక నా నిర్వాకం వినండి. ఆయన మాస్కు తియ్యమని సైగ చేస్తే, నోరెండిందేమో పాపం అని పక్కకి జరిపాను. వేలి క్లిప్పు తాలూకు అంకె 95 నుంచి చూస్తుండగానే 88కి దిగిపోయింది. యంత్రం కూత పెట్టింది. నర్సమ్మ పరుగున వచ్చి నాలుగు చివాట్లు పెట్టింది. పెట్టదూ మరి!

అలాగని మనమే ఆక్సిజన్ పెంచకూడదు. ఏళ్ళ తరబడి చుట్టా బీడీ కాల్చి ఊపిరితిత్తులు చెడినవారికి ఎక్కువైతే చెరుపే. ముక్కు ఎండితే కొబ్బరినూనె, వాజ్‌లైన్ రాయొద్దు. ఆక్సిజన్ దగ్గర జిడ్డు మంచిది కాదు. నీళ్ళతో చేసిన జెల్ ఉంటుంది, నర్సుని అడగండి.

మనం చేయగలిగింది దగ్గించడం. దిండు గుండెలకి హత్తుకుని దగ్గితే నొప్పి తక్కువ. మూడు బంతుల పరికరం ఇస్తారు చూడండి, దానితో గాలి లోపలికి పీల్చాలి. మావారు మొదటిరోజంతా బూరలా ఊదారు, బంతి లేస్తే ఒట్టు! మెలకువగా ఉన్నంతసేపూ గంటకి పదిసార్లు పీల్చమన్నారు. నేను గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టేదాన్ని.

రెండు రోజులు గొంతు బొంగురుపోయింది. అదీ గొట్టం రాపిడికే, దానికదే తగ్గింది. దాహమన్నారని మాత్రం నర్సుని అడక్కుండా చెంచాడు నీళ్ళు కూడా పొయ్యకండి, పొరబోతుంది.