గర్భసంచి తీయించే ముందు వెన్నెముక గురించి అడగండి

ముప్పై అయిదేళ్లకు గర్భసంచి తీయించుకున్న మనిషికి యాభై అయిదేళ్లకు నడుం వంగిపోతే, ఆ రెండింటికీ సంబంధం ఉండొచ్చని మన ఊళ్లలో ఎవరూ అనుకోరు. నడుం చూసే డాక్టరు పాత ఆపరేషన్ కాగితాలు అడగరు. ‘వయసైపోయింది, గుజ్జు అరిగింది’ అన్న మాటతో సరిపెట్టుకుని ఇంటికి వచ్చేస్తారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 8 శాతం పైన. క్యాన్సర్‌కో, ఆగని రక్తస్రావానికో ఆ ఆపరేషన్ తప్పదు. కానీ తెల్లబట్టకీ, కడుపునొప్పికీ ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు’ అని తీసేస్తున్నవి ఎన్ని? ఇలాంటి అనవసరపు ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. వాటిని ఉంచినా ముట్లుడిగే కాలం కొన్నేళ్లు ముందుకు జరగొచ్చు. ఎముక రోజూ కొంత కరుగుతూ, కొంత కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. ఆ కరగడాన్ని అదుపులో పెట్టేది ఈస్ట్రోజెనే. అది తగ్గిన తొలి అయిదారేళ్లలో ఎముక వేగంగా పల్చబడుతుంది. వెన్నుపూస లోపలంతా జల్లెడలాంటి ఎముకే కాబట్టి దెబ్బ ముందుగా దానికే తగులుతుంది. పూసల మధ్య డిస్కులూ త్వరగా అరుగుతాయి. నడుంలో నాలుగో పూస అయిదోదాని మీద ముందుకు జారిపోవడం మగవాళ్లలో కంటే ఆడవాళ్లలోనే బాగా ఎక్కువ.

అలా బలహీనపడ్డ పూస బిందె ఎత్తినప్పుడో, గట్టిగా దగ్గినప్పుడో నలిగిపోతుంది. విరిగిందని చాలామందికి తెలియనే తెలియదు. చీర కుచ్చిళ్లు నేలకు జీరాడుతుంటే, అందే అటక అందకపోతే, ఎత్తు తగ్గుతున్నారేమో చూడండి.

ఇక పని సంగతి. నాట్ల కాలంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగిన నడుం వంగినట్టే ఉంటుంది. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు మెడ వంచి, కదలకుండా గంటలు గంటలు కూర్చుంటారు. ఈ కష్టం మీద నొప్పి మొదలైతే దొరికేది ఊళ్లో సూది. వేసిన గంటకే హాయిగా ఉందంటే అందులో ఏముందో అడగండి. పదేపదే వేయించుకునే సూదుల్లో, చీటీ లేకుండా కొనే మాత్రల్లో స్టెరాయిడ్ ఉంటే అది ఎముకను ఇంకా తినేస్తుంది. అయితే ఇప్పటికే రోజూ వాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి మానకూడదు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

గర్భసంచి తీయాలని ఎవరన్నా చెబితే, ప్రాణం మీదకు వచ్చిన పరిస్థితి కాకపోతే, రెండో డాక్టరుకు చూపించండి. అండాశయాలు ఉంచుతారా అని నోరు తెరిచి అడగండి. ఆ కాగితాలు పారేయకండి. నలభై అయిదేళ్లలోపే ముట్లు ఆగినవాళ్లు ఎముక గట్టిదనాన్ని కొలిచే డెక్సా స్కాన్ గురించీ, హార్మోన్ మందుల గురించీ డాక్టరుతో మాట్లాడాలి. రాగిజావ, పాలు, ఎండలో నడక మేలే. కానీ పూస నలిగాక అవి మాత్రమే సరిపోవు. ఎముకను నిలబెట్టే మందులు ఉన్నాయి, వాడాలి.

నాలుగడుగులు వేయగానే కాళ్లు బరువెక్కి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తేలికపడుతుంటే నరాల దారి ఇరుకైందేమో చూపించుకోండి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు పడిపోతున్నా తెల్లారేదాకా ఆగకండి. అమ్మ ‘రేపు చూద్దాంలే’ అన్నా వినకండి. ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.