జమాఖర్చులు: నా స్థలం, నా బోరు

మన ఇంటి కింద ఉన్న నీళ్లు ఎవరివి? దీనికి 1882లోనే ఇంగ్లీషు దొరలు జవాబు రాసిపెట్టారు. నేల కింద ఒక పాయగా పారని నీటిని తన హద్దుల్లో తోడుకునే హక్కు స్థలం యజమానికి ఉందని ఈజ్‌మెంట్స్ చట్టం ఏడో సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం మొదట అమలైన చోట్లలో మన మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. ఆనాడు తోడుకోవడమంటే చేద, గిలక, రెండు చేతులు. ఎంత హక్కున్నా చేతులు నొప్పి పుట్టేదాకే. ఇప్పుడు స్విచ్చి వేస్తే చాలు. హక్కు మాత్రం అదే.

బ్యాంకువాణ్ణి కనుక నాకిది జాయింటు ఖాతాలా కనబడుతుంది. వీధిలో ఇళ్లన్నీ ఖాతాదారులే. ఎవరి సంతకానికైనా చెక్కు చెల్లుతుంది, పాస్‌బుక్కు మాత్రం ఎవరి దగ్గరా లేదు. చెన్నైకి ఉత్తరాన మీంజూరు వైపు ఏళ్ల తరబడి అతిగా తోడేసరికి సముద్రపు నీరు భూమిలోకి చొచ్చుకొచ్చింది. హక్కు కాగితం మీద చెక్కు చెదరలేదు, నీళ్లే ఉప్పనయ్యాయి.

2003లో తమిళనాడు ప్రభుత్వం పాతా కొత్తా అనకుండా ప్రతి కట్టడానికీ వాన నీటిని పట్టి ఇంకించే ఏర్పాటు ఉండి తీరాలని ఆర్డినెన్సు తెచ్చింది. చేయకపోతే కొళాయి కనెక్షను తీసేస్తామన్నారు. తామే చేయించి, ఖర్చు ఇంటిపన్నులా వసూలు చేస్తామన్నారు. మా వీధిలో గొణగనివారు లేరు. "నా మిద్దె మీద పడ్డ వాన ఎటు పోవాలో కూడా సర్కారే చెప్పాలా?" అన్నారొక పెద్దాయన. గడువు పెట్టి తరిమిన ఆ హడావుడి నాకూ నచ్చలేదు. పైపును ఉత్తుత్తి గోతిలోకి దించి చేతులు దులుపుకున్నవారు కొందరు.

కానీ లెక్క చూడండి. చెన్నైలో ఏటా సగటున 1,400 మిల్లీమీటర్ల వాన. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద అది దాదాపు లక్షా ముప్పైవేల లీటర్లు. 12,000 లీటర్ల లారీలు పదికి పైనే! అది కాలవలో కలిస్తే నష్టం ఆ ఇంటాయన ఒక్కడిదే కాదు, వీధి అందరిదీ. అందుకే ఈ నిర్బంధాన్ని నేను సమర్థిస్తాను.

2019 వేసవిలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ ఎండాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైలు పెట్టెల్లో నీళ్లు తెచ్చారు. ఆ రోజుల్లో బిందె పట్టుకుని వరసలో నిలబడ్డవారికి 1882 నాటి హక్కు ఏం పనికొచ్చింది?

అలాగని సర్కారుకు మంచి మార్కులు వేయలేను. భూగర్భజలం లారీల్లో తరలించడానికి లైసెన్సు కావాలని 1987 లోనే చట్టం చేశారు. మన మిద్దె పైపు చూసినంత శ్రద్ధగా ఆ లారీలను చూశారా? వాన నీరు నిలిచే పళ్లికరణై చిత్తడి నేలలో సాక్షాత్తూ కార్పొరేషనే చెత్త పోసింది. తన మీద వేసుకోని ఆంక్ష ఎదుటివాడి మీద వేస్తే గొణుగుడు రాకుండా ఎలా ఉంటుంది?

ఇంకో సంగతి. మా కొళాయిలో కృష్ణమ్మ కూడా ఉంది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టి.ఎం.సి.లు చెన్నైకి వదులుకోవడానికి 1976లో ఒప్పుకున్నాయి. 1983లో తెలుగుగంగ ఒప్పందం కుదిరింది, 1996లో నీళ్లు పూండి చేరాయి. (ఆ లెక్కన ఈ పత్రిక చదివే షోలాపూరు, బళ్లారి వారంతా మాకు దాతలే!) ఎక్కడో రైతు తన వాటా తగ్గించుకుంటే ఇక్కడ మన బిందె నిండుతోంది. అలాంటప్పుడు "నా నీళ్లు" అనడానికి నాకు నోరు రాదు.

మా ఫ్లాట్లలో ఇప్పుడు మూడో బోరు మాట నడుస్తోంది. మొదటిది ఎండింది, రెండోది జీడిపాకంలా సాగుతోంది. ఇంకా లోతుకు వెళదామంటున్నారు. వెళితే పక్క సందులో ఇప్పటికీ చేదతో తోడుకునే పాత బావి ఏమవుతుందో ఎవరూ అడగడం లేదు. ముందు 2003లో తవ్విన ఇంకుడు గుంతల పూడిక తీయించి, వాటా వాటాకూ నీటి మీటరు పెడదామని నేను రాసి ఇచ్చాను. "ఇంట్లో కూడా మీటరేనా, స్నానానికీ లెక్క చెప్పాలా?" అని కోప్పడ్డారు. చెప్పాలనే అన్నాను. వచ్చే నెల మొదటి ఆదివారం ఓట్లు. ఇరవైనాలుగు వాటాల్లో నా వైపు ఇప్పటికి తొమ్మిది.