గడప దాటని లెక్కలు

ఆస్ట్రేలియాలో 2023వ సంవత్సరమున మందులు, మాదకద్రవ్యముల వలన సంభవించిన మరణములు 2,272 అని పెనింగ్టన్ సంస్థ వార్షిక నివేదిక తెల్పుచున్నది. వానిలో అధికభాగము బుద్ధిపూర్వకముగా జరిగినవి కావనియు, వైద్యుడు వ్రాసి యిచ్చిన నొప్పిమాత్రలు, నిద్రమాత్రలు సైతము ఆ జాబితాలో ప్రముఖముగా నున్నవనియు గ్రహించినచో, ఈ విపత్తు ఎక్కడనో చీకటి సందులలోని వారిదే యను మన యూహ నిలువదు.

బ్రిస్బేను నెలకొనియున్న క్వీన్స్‌లాండు రాష్ట్రమున 2021 నుండి క్యూస్క్రిప్ట్ అను వ్యవస్థ నడచుచున్నది. ఒక రోగి ఇద్దరు ముగ్గురు వైద్యుల వద్ద ఒకే తరగతి ప్రమాదకర ఔషధములు పొందుచుండినచో, మందు వ్రాయు వైద్యునికిని, ఇచ్చు ఫార్మసిస్టుకును ఆ సంగతి తత్క్షణమే కంటబడును. మరణానంతరము కారణము వెదకుటకంటె, మరణమునకు ముందే హెచ్చరించు లెక్క యెంత శ్రేష్ఠము! అట్టిదే బ్రిస్బేనులోని బోవెన్ హిల్స్ వద్ద 2024 ఏప్రిలులో తెరువబడిన చెక్‌పాయింట్ మాత్రల పరీక్షాకేంద్రము. యువకులు కొనితెచ్చిన మాత్రలో నిజముగా నేమున్నదో అచ్చటి రసాయన పరీక్ష తెలియజేయుచుండెడిది. మరుసటి యేడే ప్రభుత్వము దానిని మూయించినది. మాదకద్రవ్యములకు ఆమోదముద్ర వేయరాదను వాదమును నేను చులకన చేయను. కాని బజారులో తిరుగు విషమును ముందుగా పసిగట్టు సాధనమును పోగొట్టుకొనుట తప్పిదమే యని నా దృఢాభిప్రాయము.

అయినను, సర్వసమాచారము సమకూడియు, అది ఇంటి గడప దాటి లోనికి రానిచో ప్రయోజనమేమి? నల్లమందు జాతి ఔషధము మోతాదు మించి ఊపిరి మందగించినవానికి ముక్కులో చల్లు నాలోక్సోన్ ఔషధము, 2022 జులై నుండి, వైద్యుని చీటీ లేకయే, ఉచితముగా, దానిని పంచు పథకమున చేరిన ఫార్మసీలలో లభించుచున్నది. దాని ప్రభావము కొంతసేపే యుండును గనుక 000కు ఫోను చేసి అంబులెన్సును పిలుచుట తప్పనిసరి. ఈ రెండు సంగతులు మన యిండ్లలో నెందరికి తెలియును? నలుగురిలో పరువు పోవునను భయమున, బిడ్డ మాత్రలకు అలవాటుపడినాడని పొరుగింటివారికే కాదు, వైద్యునికి సైతము చెప్పని తల్లిదండ్రులకు ఏ లెక్క తోడ్పడగలదు?

కావున బ్రిస్బేను తెలుగు సంఘములవారికి నా విన్నపము: రాబోవు ఉగాది సభలో పాటలకు, భోజనములకు నడుమ అరగంట కేటాయించి, స్థానిక ఫార్మసిస్టు నొకరిని పిలిపించి, నాలోక్సోన్ వాడుక విధానమును తెలుగులో వివరింపజేయుడు.