సందు వాళ్లది, కాలువ సర్కారుది

1980లో సామాజిక కార్యకర్త అఖ్తర్ హమీద్ ఖాన్ కరాచీలోని ఓరంగీ బస్తీలో పని మొదలుపెట్టేనాటికి మురుగు ఇళ్ల ముందే పారేది. మురుగు గొట్టాలు సర్కారే వేస్తుందిలే అని జనం ఎదురుచూస్తున్నారు. ఆయన సబ్సిడీ ఇవ్వలేదు. కొలతలు, నక్షా, పనిముట్లు, సలహా ఇచ్చారు. 20-40 ఇళ్ల సందు ఒక జట్టు. వాళ్లే ఒక పెద్దను ఎంచుకుని, చందాలు పోగేసి, గొట్టాలు వేసుకున్నారు. కాంట్రాక్టరు లేడు, ఖర్చు బాగా తగ్గింది.

పెద్ద కాలువలు మాత్రం ప్రభుత్వమే కట్టాలన్నది ఓరంగీ సూత్రంలో రెండో సగం. మన మునిసిపాలిటీలకు మొదటి సగమే ముద్దు; దానికి ‘ప్రజా భాగస్వామ్యం’ అని పేరు కూడా పెట్టుకున్నాయి.

ఓరంగీలో ఆ పనిని ఏళ్లపాటు నడిపిన పర్వీన్ రెహమాన్ కబ్జా భూముల వివరాలు నమోదు చేసేవారు. 2013లో ఆమెను కాల్చి చంపారు.

అందుకే, ఈ సంచికలోని బస్తీ కథనాలు చదివేటప్పుడు, నేల ఎవరి పేర ఉందో ముందు చూడండి.