బలరాంకు ఇచ్చిన సైకిలు అద్దె

సికింద్రాబాద్ శివారున అమ్ముగూడలో పుట్టి, మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ దాకా వెళ్లిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు తులసీదాస్ బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 86. అమ్ముగూడ జిల్లా పల్లెలకు ఏమంత దూరం కాదు. అయినా కీసరలోనో, శామీర్‌పేటలోనో బంతి తన్నుతున్న కుర్రవాణ్ణి ఆపి అడిగితే బ్రెజిల్ ఆటగాళ్ల పేర్లు నాలుగు చెబుతాడు గాని, బలరాం పేరు చెప్పడం అనుమానమే. ఇందులో కుర్రవాడి తప్పు లేదు. వాడికి చెప్పినవారు లేరు.

బలరాంది పేదింటి బాల్యం. పిల్లవాడు చదువుకుని ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకోవాలని తల్లి ఆశ. ఆటకు బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడు తయారు చేసి ఇచ్చిన జతతోనే ఆడానని ఆయన తరువాతి రోజుల్లో చెప్పుకునేవారు. ఆ కాలంలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు అంటే దేశమంతటా హడలు. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు మరొకరి చేతికి పోనివ్వలేదు. ఆ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. అంతకు ముందు ఆయన బడిపంతులు.

రహీం కంట బలరాం ఆట పడింది. శిక్షణ శిబిరానికి రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి మైదానానికి సుమారు 20 కిలోమీటర్లు. రోజూ వచ్చిపోవడానికి డబ్బు లేదని కుర్రవాడు ఉన్నమాట చెప్పాడు. సైకిలు అద్దెకు తీసుకొమ్మని రహీం డబ్బు ఇచ్చారు. ఆ అద్దె డబ్బులే లేకుంటే బలరాం ఏ మిల్లులోనో, ఏ గుమాస్తా బల్ల ముందో ఉండిపోయేవారేమో! అలా ఉండిపోయినవారు ఎందరో లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఆయన ఉన్నారు. భారత్ నాలుగో స్థానంలో నిలిచిన ఒలింపిక్స్ అది. 1960 రోమ్‌లో హంగరీ చేతిలో 2–1 తేడాతో ఓడినప్పుడు మన వైపు పడిన ఒక్క గోలు బలరాందే. పెరూ మీద 3–1తో ఓడినప్పుడూ అంతే. జట్టు ఓడిన రెండు ఆటల్లోనూ గోలు కొట్టినవాడు ఆయనే అన్నది గమనించదగ్గ సంగతి.

1962 జకార్తా ఆసియా క్రీడల సంగతి వేరు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2–0తో ఓడించింది. తరువాత థాయిలాండ్, జపాన్‌లపై గెలిచిన ఆటలు రెండింటిలోనూ బలరాం గోళ్లు ఉన్నాయి. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. మైదానం నిండా జనం, అందరూ మనకు ఎదురే. 2–1తో భారత్ బంగారు పతకం గెలిచింది. ఆ ఏడే ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

బలరాంను ఫలానా చోటి ఆటగాడు అని చెప్పడం కష్టం. ఎడమ అంచున ఆడమంటే ఆడేవారు, లోపలికి రమ్మంటే వచ్చేవారు, నట్టనడుమ ముందు నిలబడి గోళ్లు కొట్టమంటే కొట్టేవారు. చునీ గోస్వామి లోపలి ఎడమ స్థానంలో ఉంటే బలరాం మారు మాట్లాడక అంచుకు జరిగారు. కుడి అంచున పి.కె. బెనర్జీ. ఈ ముగ్గురినీ కలిపి త్రయం అనేవారు. అన్ని చోట్లా ఆడగలవాడికి ఒక చిక్కు ఉన్నది. జట్టు అవసరాన్ని బట్టి జరిగేది ఎప్పుడూ అతనే, పేరు మాత్రం కదలకుండా నిలబడినవాడికి వస్తుంది. చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ ఇచ్చారు. బలరాంకు ఏ పద్మ పురస్కారమూ రాకుండానే ఆయుష్షు తీరింది. ఆట చూసి ఇచ్చేదైతే ముగ్గురికీ ఇవ్వవలసింది. ఇది న్యాయం కాదని గట్టిగా అడగవలసిన సొంత గడ్డ నోరు విప్పలేదు.

కలకత్తా ఆయనను బాగానే ఎత్తుకున్నది. 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. 1961లో కెప్టెన్‌గా లీగు గెలిపించి, 23 గోళ్లతో అందరికంటె ముందు నిలిచారు. 1963లో ఊపిరితిత్తుల జబ్బు చేసి, ముప్పై ఏళ్లు నిండకుండానే బూట్లు విప్పేశారు. పెళ్లి చేసుకోలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఒంటరిగా బతికారు. ఆయనను మలచిన రహీం కూడా ఆ 1963 జూన్‌లోనే క్యాన్సర్‌తో పోయారు. రహీం కథ 2024లో హిందీ సినిమాగా వచ్చింది. చూడడానికి బలరాం లేరు.

విగ్రహం పెట్టాలి, వీధికి పేరు పెట్టాలి అని ఎవరైనా అంటారు. పెట్టితే మంచిదే, పిట్టలకైనా పనికివస్తుంది. అంతకంటె ముందు చేయవలసింది మరొకటి ఉన్నది. మండల పోటీల్లో బాగా ఆడిన పిల్లవాడు జిల్లా ఎంపికలకు వెళ్లాలంటే బస్సు చార్జీ, మధ్యాహ్నం తిండి, ఒక జత బూట్లు కావాలి. కూలికి వెళ్లే ఇంట్లో అది ఒక రోజు సంపాదన. తండ్రి వద్దంటే ఆట అక్కడికి ఆగిపోతుంది. డ్రిల్లు మాస్టారు కొందరు జేబులోంచి ఇస్తున్నారు. వారి జీతం మీద ఎన్నాళ్లు ఆధారపడడం? పంచాయతీలు, మండల పరిషత్తులు ఎంపికైన ప్రతి పిల్లవాడికీ రానుపోను ఖర్చు, బూట్లు, తిండి ఇచ్చేందుకు కొంత సొమ్ము విడిగా ఉంచాలి. పోటీలు అయిన తరువాత బిల్లు పెట్టుకొమ్మంటే లాభం లేదు. చార్జీ బయలుదేరే రోజు ఉదయమే పిల్లవాడి చేతిలో పడాలి.